బాపు బండి: ఏది మార్చాం, ఏది ఉంచాం

(హనుమకొండలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ చాప మీద చోటుంది. రండి, రండి.

లోపలికి వచ్చేటప్పుడు వేపచెట్టు కింద ఒక బండి చూశారు కదా? ఎంతమంది చూశారు? సరే, దాదాపు అందరూ. అది మా నాన్న బండి. మేం నాన్నను బాపు అంటాం, కాబట్టి అది బాపు బండి. 1978లో కొన్న యెజ్డి, 250 సీసీ. చూసినవాళ్ళందరూ నన్ను ఒకటే అడుగుతారు. ఇంజన్ బాగు చేయించావు, చక్రాలు మెరుస్తున్నాయి, సీటు కొత్తగా కుట్టించావు. మరి ట్యాంకుకు రంగు ఎందుకు వేయించలేదు? ఎడమవైపు ఆ సొట్ట ఎందుకు తీయించలేదు? ఈ ఉదయం కూడా గేటు దగ్గర ఒకరు అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇక్కడికి వచ్చాను. కాస్త పొడుగు జవాబు, ఓపిక పట్టండి.

మా బాపు పశువైద్య శాఖలో పనిచేసేవారు. హోదాకు సహాయకుడే, కానీ ఊళ్ళల్లో అందరూ డాక్టర్ సాబ్ అనేవారు. మా ఇల్లు ములుగులో. బాపు తిరిగేది గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి వైపు. అడవి దారులు, మధ్యలో వాగులు. వానాకాలం రాకముందే, మే జూన్ నెలల్లో, ఎడ్లకూ బర్రెలకూ గొంతువాపు టీకాలు, జబ్బవాపు టీకాలు వేయాలి. టీకా మందు వేడెక్కితే పనికిరాదు. రెండు డిగ్రీల నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో ములుగు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? పెద్ద మూత ఉన్న థర్మాస్ ఫ్లాస్కులో మంచుముక్కలు పోసి, మందు సీసాలు అందులో పెట్టి, తెల్లవారుజామునే బయలుదేరేవారు. సెలవుల్లో నేను వెనక కూర్చునేదాన్ని. ఫ్లాస్కు నా ఒళ్ళో ఉండేది. గుంత వచ్చిన ప్రతిసారీ లోపల మంచుముక్కలు గలగలమనేవి. ఎండ ఎక్కేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోయేది. చప్పుడు తగ్గితే బాపు తల తిప్పకుండానే "మంచు కరిగిందా బిడ్డా" అని అడిగేవారు. నాకు తెలిసిన మొదటి ఉద్యోగం అదే, మంచు కరగకుండా చూడటం.

ఇంకొక మాట చెప్పాలి. పశువులకు ముసర వ్యాధి అని ఒకటి ఉండేది. మందలకు మందలు పోయేవి. 1995 తర్వాత మన దేశంలో అది మళ్ళీ కనిపించలేదు. 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు భూమి మీద లేకుండా చేసిన రెండో రోగం అది. టీవీలో ఆ వార్త వచ్చిన రోజు బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కొట్టంలోకి వెళ్ళి బండి మీద కప్పిన గోనెసంచి సర్ది వచ్చారు. ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతుంది. ఆ పనిలో ఆ బండికీ వాటా ఉంది.

బండి గురించి కాస్త చెప్తాను. 1929లో చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారు సైకిళ్ళ విభాగాన్ని కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా. 1960ల మొదట్లో మైసూరులో ఆ బండ్లు తయారుచేయడం మొదలుపెట్టారు. 1973 నుంచి అదే ఫ్యాక్టరీలో యెజ్డి పేరుతో బండ్లు వచ్చాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మా బాపు ఉద్యోగ విరమణ చేసిందీ ఆ ఏడాదే. ఊళ్ళల్లో మాత్రం యెజ్డి అని ఎవరూ అనలేదు. చివరిదాకా జావా బండే.

అది రెండు స్ట్రోకుల ఇంజన్. వాల్వులు లేవు. పిస్టన్, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు, కదిలేవి ఆ మూడే. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి, లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఆ ఆయిల్ కాలి సైలెన్సర్లలో మసి పేరుకుంటుంది. ఒకటే సిలిండర్, సైలెన్సర్లు రెండు. మసి నిండితే శబ్దం మూగబోతుంది, లాగుడు తగ్గుతుంది. మా అమ్మకు బండి నడపడం రాదు. కానీ బండి వీధి మలుపు తిరగగానే, "మీ బాపు వచ్చేవారం గొట్టాలు కాల్చాలి" అనేది. ఆదివారం బాపు సైలెన్సర్ల లోపలి గొట్టాలు బయటికి లాగి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నేలకేసి తట్టేవారు. మసి పెచ్చులు పెచ్చులుగా రాలేది. ఆ వాసన ఈ సభలో పెద్దవాళ్ళు కొందరికి గుర్తు ఉండే ఉంటుంది.

2003లో రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. బాపుకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. బండి కొట్టంలోకి వెళ్ళింది. 2021లో బాపు పోయారు. మరుసటి ఏడు మా అన్నదమ్ములతో కూర్చుని మాట్లాడుకున్నాం. భూమి వాళ్ళకు, ఇల్లు అందరికీ. బండి సంగతి వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. పాత ఇనుము కింద ఇచ్చేద్దామని ఒకరు అన్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఆ బండిని అప్పుడు మీరు చూసినా అదే అనేవారు. రెండు టైర్లు నేలకు అతుక్కుపోయాయి, సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. నేను అడిగాను, నాకు ఇవ్వండి అని. ఇచ్చారు.

తెచ్చుకోవడం తేలికే. ట్రాలీ ఆటోలో ఎక్కించి యాభై కిలోమీటర్లు, హనుమకొండ మా వరండాకు వచ్చింది. తర్వాత ఏం చేయాలి? నేను ముప్పై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. ఇంజన్ పనిచేసే తీరు బోర్డు మీద వందసార్లు గీశాను. కానీ చేతిలో స్పానర్ పట్టుకుని ఒక నట్టు విప్పడం వేరు. మా పదో తరగతి మిత్రులకు ఫోన్లు చేశాను. 1984 బ్యాచ్, ములుగు బడి. ఒకాయన కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒకాయనకు వరంగల్‌లో లేత్ మెషిన్ ఉంది. ఒకామె కళాశాలలో రసాయనశాస్త్రం చెప్తుంది. ఇంకొకామె బట్టలు కుట్టే కేంద్రం నడుపుతుంది. నలుగురూ వచ్చారు. ఆదివారం వస్తామన్నారు, పద్నాలుగు నెలల పాటు ఆదివారాలు వచ్చారు. వీళ్ళు కాక, ములుగులో ఒకప్పుడు బాపు బండికి పనిచేసిన ముసలి మేస్త్రి ఉన్నారు, మేం కాకా అంటాం. కబురు చేస్తే బస్సెక్కి వచ్చేశారు.

మొదటి ఆదివారం ఏం జరిగిందంటే, నేను ఉత్సాహంగా కిక్ కొట్టబోయాను. ఫిట్టర్ మిత్రుడు చేయి అడ్డం పెట్టాడు. "ఆగు. లోపల పట్టేసి ఉంటే కిక్ పళ్ళు విరుగుతాయి" అన్నాడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూపించాడు. చూశాను. సిలిండర్ గోడ మీద, పిస్టన్ ఆగిపోయిన చోట, చుట్టూ తుప్పు గీత. రాగి కడియంలాగ ఉంది. పిస్టన్ కదలదు. ఆ రంధ్రంలోంచి డీజిల్ పోసి మూసేశాడు. "వారం దాకా ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు. వారం తర్వాత చూస్తే డీజిల్ కాస్త దిగింది. మళ్ళీ పోశాడు. మూడో ఆదివారం హెడ్డు విప్పి, పిస్టన్ మీద కర్రముక్క పెట్టి, చెక్క సుత్తితో చిన్నచిన్నగా తట్టాడు. తట్టడం, ఆగడం, తట్టడం, ఆగడం. గంటకు పైగా. ఒక్కసారి అది కదిలింది. ఎంత? గోరు మందమంత. అందరం ఊపిరి బిగబట్టి ఉన్నాం, ఒక్కసారిగా మాటలు వచ్చాయి. పందొమ్మిదేళ్ళ తర్వాత కదిలింది.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. ట్యాంకు ప్రశ్న.

బండి మొత్తం విప్పి వరండాలో పరిచాక మా మధ్య మొదటి తగవు వచ్చింది. లేత్ మిత్రుడు అన్నాడు, "ఇంత పని చేస్తున్నాం కదా, ట్యాంకు, మడ్‌గార్డులు అన్నీ చెక్కించి కొత్తగా రంగు కొట్టిద్దాం, షోరూంలోంచి వచ్చినట్టు ఉండాలి." నేను ఒప్పుకోలేదు. ఆ ట్యాంకు మీద, కుడివైపు, బాపు మోకాలు ఆనిన చోట రంగు పూర్తిగా పోయి ఇనుము కనిపిస్తుంది. అది పాతికేళ్ళు ఒక మనిషి మోకాలు రాసుకుని చేసిన మచ్చ. ఎడమవైపు సొట్ట తాడ్వాయి దగ్గర టీకా వేస్తుంటే ఒక బర్రె కొమ్ముతో చేసింది. నేను అక్కడే ఉన్నాను, ఫ్లాస్కు పట్టుకుని. ఈ రెండూ చెరిపేస్తే మిగిలేది ఏమిటి? ఒక యెజ్డి మిగులుతుంది. బాపు బండి మిగలదు కదా?

వాళ్ళకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. అప్పుడు ఫిట్టర్ మిత్రుడు ఒక మాట అన్నాడు. లోకో షెడ్డులో ముప్పై ఆరేళ్ళు పనిచేసిన మనిషి మాట. "రాపిడి ఉన్నచోట బాపును వెతకకు. చూపు మాత్రమే ఆనేచోట నన్ను అడగకు." అంటే, ఒకదానితో ఒకటి రాసుకునేవి, తిరిగేవి, ఒత్తిడి మోసేవి, బ్రేకులు, తీగలు, ఇవన్నీ ఆయన చెప్పినట్టు కొత్తవి వేయాలి. కంటికి కనిపించి ఊరుకునేవి నా ఇష్టం. ఒప్పందం అయింది. సున్నపుముక్కతో వరండా నేల మీద గీత గీశాం. ఒకవైపు మార్చేవి, ఒకవైపు ఉంచేవి.

సామాన్లు ఎక్కడ దొరికాయి? కొన్ని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, కొన్ని మైసూరు నుంచి పార్సిల్లో. పిస్టన్ రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా సిలిండర్ బోరింగ్, అంటే లోపలి గోడను కాస్త చెక్కి వెడల్పు చేయడం, కానిచ్చేద్దాం అన్నాను. లేత్ మిత్రుడు కుదరదన్నాడు. పిస్టన్ చేతికి రాకుండా, దాని కొలత తను తీసుకోకుండా, సిలిండర్‌ను ముట్టుకోనన్నాడు. ఎందుకో తెలుసా పిల్లలూ? అసలు సిలిండర్ లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు. మేం అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ తెప్పించాం. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుక మందమంత. ఎక్కువైతే లోపల గలగలమంటుంది, తక్కువైతే వేడికి ఉబ్బి పట్టేస్తుంది. డబ్బా మీద రాసిన అంకెను నమ్మి వెంట్రుక మందం పని చేయలేం.

చక్రాల పని చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఒక్కో చక్రానికి 36 పుల్లలు. రిమ్ములు నికెల్ పూత వేయించి వచ్చాక వాటిని మళ్ళీ అల్లాలి. మాలో ఎవరికీ రాదు. మా వీధి చివర సైకిల్ షాపు ఆయన చేశారు. చక్రం తిప్పుతూ, అంచు దగ్గర సున్నపుముక్క పట్టుకున్నారు. వంకర ఉన్నచోట తెల్ల గీత పడుతుంది. ఆ చోట పుల్లను పావు చుట్టు బిగించడం, ఎదుటిదాన్ని పావు చుట్టు వదలడం. తర్వాత స్పానర్‌తో పుల్లలను ఒక్కొక్కటే మీటారు. అన్నీ ఒకటే స్వరం పలకాలట. ఒకటి మొద్దుగా పలికింది, మాకు తేడా తెలియలేదు, ఆయనకు తెలిసింది. బడిలో కంపించే తీగ పాఠం చెప్పినప్పుడు ఈయన్ని పిలిచి ఉండవలసింది.

ట్యాంకు లోపలి తుప్పు రసాయనశాస్త్రం మిత్రురాలి బాధ్యత. గులకరాళ్ళు, పాత నట్లు వేసి ఊపి ఊపి రాల్చింది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడిగి, వంటసోడా నీళ్ళతో విరిచి, ఎండబెట్టి వెంటనే ఆయిల్ పట్టించింది. ఇంటి దగ్గర పాత బండ్లు ఉన్నవాళ్ళు ఆమె చెప్పిన ఈ మాట వినండి. ఇప్పుడు మనకు వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, ఇరవై శాతం దాకా. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి నిలబడితే అడుగున నీళ్ళు చేరతాయి, మళ్ళీ తుప్పు. పాత రబ్బరు పైపులు మెత్తబడి కరుగుతాయి. కాబట్టి పైపులు, వాషర్లు కొత్తవి వేయండి. ఇంటికి చేరబోయే ముందు పెట్రోల్ కాక్ మూసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది కాలిపోయాక ఇంజన్ ఆగనివ్వండి. వాడని బండిలో నిండా పెట్రోలు ఉంచవద్దు.

ఇక నాకు చాలా నేర్పిన రోజు గురించి. బండి లేచింది, వీధుల్లో తిరిగింది, అంతా బాగుంది. ఒక ఆదివారం ములుగు రోడ్డు ఎక్కాం. నేను నడుపుతున్నాను, వెనక కారులో మిగతావాళ్ళు. ఆత్మకూరు దాటాక, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ తనంతట తాను హోరెత్తడం గమనించాను. ఏమిటా అనుకునేలోపు కీచుమని శబ్దం, వెనక చక్రం బిగుసుకుంది. క్లచ్ పట్టాను కాబట్టి పడలేదు. ఇంజన్ పట్టేసింది. పక్కకు తోసి నిలబెట్టాం. సిలిండర్ రెక్కల మీద నీటిచుక్క పడితే చుయ్యిమంది.

అందరి కళ్ళూ లేత్ మిత్రుడి మీదకు వెళ్ళాయి. బోరింగ్ బిగువుగా చేశాడని. ఆయన ఒక్క మాట అనలేదు, ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని వాళ్ళావిడ చెప్పింది. మర్నాడు కాకా ములుగు నుంచి వచ్చారు. ఆయన బోరు వైపు చూడలేదు. ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్ళారు. సరిగ్గా కాలిన ప్లగ్గు ముక్కు ఇటుక రంగులో ఉండాలి. ఇది సున్నంలా తెల్లగా ఉంది. "బోరు తప్పు కాదు బిడ్డా. బండి గాలి తాగుతోంది" అన్నారు.

గాలి తాగడం ఏమిటి? ఈ ఇంజన్‌లో పెట్రోలు, గాలి ముందు కింద క్రాంకు గదిలోకి వస్తాయి. పిస్టన్ దిగినప్పుడు అక్కడినుంచి పైకి నెట్టబడతాయి. ఆ గదికి రెండు వైపులా ఆయిల్ సీళ్ళు, అంటే గాలి దూరకుండా ఆపే రబ్బరు చుట్లు, ఉంటాయి. సీలు గట్టిపడితే పక్కనుంచి వట్టి గాలి దూరుతుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. పెట్రోలు తక్కువంటే, అందులోని ఆయిల్ కూడా తక్కువ. వేడి పెరుగుతుంది, తడి తగ్గుతుంది, పట్టేస్తుంది.

ఆ సీలు ఏ వైపుదో తెలుసా? కుడివైపు, డైనమో వైపుది. దాన్ని మార్చొద్దని చెప్పింది నేను. ఎడమవైపు సీలు చిరిగి ఉంది, మార్చారు. కుడివైపుది చూడటానికి చక్కగా ఉంది, ఫ్యాక్టరీలో వేసింది అలాగే ఉంది. 1978 నుంచి బండిలో ఉన్నది, బాపుతో తిరిగినది, ఉండనివ్వండి అన్నాను. నా మాట కాదనలేక ఊరుకున్నారు. రాపిడి ఉన్నచోట బాపును వెతికాను. వెతకవద్దని ముందే చెప్పారు. నా తప్పుకు నా మిత్రుడు ఒక రాత్రంతా బాధపడ్డాడు. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఆయన అన్నది ఒకటే, "సీలు తెప్పించు, సిలిండర్ పంపు."

ఇంజన్ మళ్ళీ దించాం. పిస్టన్ మీద నిలువు గీతలు, అదృష్టం కొద్దీ లోతుగా లేవు. సిలిండర్ గోడను సన్నగా సానపట్టి (దాన్నే హోనింగ్ అంటారు), కొత్త రింగులు, రెండువైపులా కొత్త సీళ్ళు వేశాం. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు పెట్టాం. పిస్టన్ పైకి చేరడానికి మూడు మిల్లీమీటర్ల ముందే నిప్పురవ్వ పడేలా టైమింగ్ పెట్టాం. ఆ పని కాకా నాతోనే చేయించారు. అప్పటినుంచి ఇంజన్ ఒక్కసారి కూడా పట్టలేదు.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను, చాలామంది దీని గురించే వచ్చారని తెలుసు. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేయాలి. నేను ఆలస్యం చేశాను, మీరు చేయకండి. 15 ఏళ్ళు దాటిన బండి రిజిస్ట్రేషన్ కొనసాగించడానికి ఫారం 25, బండిని చూపించాలి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మీద రంగు, తుప్పు లేకుండా చూసుకోండి. 2021 నుంచి వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ ఉంది. యాభై ఏళ్ళు నిండాలి, అసలు రూపం మారకూడదు, రుసుము 20,000 రూపాయలు. మా బండికి 2028లో నిండుతాయి. చట్టం లెక్కలో ఇది ఇంకా వింటేజ్ కాదు.

ఆ తర్వాత ములుగు వెళ్ళాం. గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. కుట్టు కేంద్రం నడిపే మిత్రురాలు వెనక కూర్చుంది, తను కుట్టిన సీటు మీద. పస్రా దాకా వెళ్ళి వచ్చాం. వెనక క్యారియర్ మీద బాపు వెల్డింగ్ చేయించుకున్న ఇనుప చట్రం ఉంది, ఫ్లాస్కు కదలకుండా పట్టేంత గుండ్రం. బండితో వచ్చింది కాదు, అందంగానూ ఉండదు. సున్నం గీతకు ఉంచే వైపున మొట్టమొదట పెట్టింది అదే. ఫ్లాస్కు ఇంట్లో ఉంది, అద్దం పగిలిపోయింది. చట్రం మాత్రం వెళ్ళేటప్పుడు చూడండి.

ఇప్పుడు బయటికి వెళ్దాం. కిక్ కొట్టి చూడాలనుకునే పిల్లలు వరుసలో రండి, ఒక్కొక్కరే. కిక్ ఎడమవైపు ఉంటుంది. గేరు రాడ్డూ అదే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, లేచాక ముందుకు పడుకోబెడితే గేరు. మొదట పెట్రోల్ కాక్ తెరవాలి, అది కాకా చూపిస్తారు, అదిగో, చెట్టు దగ్గరే కూర్చున్నారు. సైలెన్సర్లు రెండూ కాలుతుంటాయి, లంగాలు, ప్యాంటు అంచులు తగలనివ్వకండి. ట్యాంకు ముట్టుకోవచ్చు. కుడివైపు రంగు పోయిన చోట కూడా ముట్టుకోవచ్చు.